గోల్కొండ ప్రభువులు ఎలా మరణించారు? ఒక శాస్త్ర విచారణ

రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు దక్షిణంగా ఐదారు కిలోమీటర్లు వెళ్తే కుతుబ్‌షాహీ సమాధులు వస్తాయి. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికే వాటిలో మొదటిదానికి నాలుగున్నర శతాబ్దాల వయసుంది. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు సెలవునాడు పిల్లలను తీసుకుని ఆ గుమ్మటాల మధ్య తిరుగుతుంటారు. ఏ సమాధి ఎవరిది, ఎప్పుడు కట్టారు అన్న సంగతులు అక్కడి పలకల మీద ఉంటాయి. పిల్లలు మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతారు: “ఈ రాజు ఎలా చనిపోయాడు?” పెద్దలు సాధారణంగా ఆ ప్రశ్నను దాటవేస్తారు. అది దాటవేయదగ్గ ప్రశ్న కాదని నా అభిప్రాయం. చరిత్రకూ వైద్యానికీ ఉమ్మడిగా చెందిన ప్రశ్న అది. సాక్ష్యాన్ని ఎలా తూచాలో నేర్పే ప్రశ్న.

సమాధుల ఆవరణలోనే అంత్యస్నానశాల ఉంది. మొదటి సుల్తాన్ కాలం నాటిదని చెప్పే ఈ హమామ్‌లో రాజకుటుంబీకుల పార్థివదేహాలకు ఖననానికి ముందు స్నానం చేయించేవారు. నడుమ పన్నెండు కోణాల రాతి వేదిక, నీరు పారడానికి కాలువలు, వేడినీళ్లకూ చన్నీళ్లకూ తొట్లు ఉన్నాయి. ఆ వేదిక దగ్గర నిలబడితే రాజుల కంటే ముందు ఆ స్నానం చేయించినవాళ్లే మనసులో మెదులుతారు. గాయం ఎంత లోతున దిగిందో, దాని అంచులు నున్నగా తెగాయో చిట్లిపోయాయో, పొట్ట ఉబ్బిందో, కళ్లు పచ్చబడ్డాయో, మనిషి ఎముకలు తేలేలా చిక్కిపోయాడో చూసినవాళ్లు వాళ్లు. ఇవాళ ఉస్మానియా ఆసుపత్రిలో ఫోరెన్సిక్ డాక్టరు పోస్టుమార్టం బల్ల దగ్గర మొట్టమొదట నమోదు చేసేవీ ఇవే. ఆ స్నానం చేయించినవాళ్ల చేతికి కలం ఎవరూ ఇవ్వలేదు. కలం ఉన్న ఆస్థాన చరిత్రకారులేమో శరీరాన్ని చూడలేదు. చూసినా రాజు ఘనతనే రాశారు. మన కష్టమంతా ఇక్కడే ఉంది.

ఒక మరణం గురించి వైద్యశాస్త్రం వేసే ప్రశ్న ఒక్కటి కాదు. ఏ గాయమో ఏ జబ్బో ప్రాణం తీసిందన్నది ఒకటి. అది శరీరంలో ఏం చేసి ప్రాణం తీసిందన్నది మరొకటి. హత్యా, ఆత్మహత్యా, ప్రమాదమా, సహజ మరణమా అన్నది వేరే విషయం. మన చరిత్ర పుస్తకాలు ఈ చివరిదాన్ని తేల్చి మిగతావాటిని వదిలేస్తాయి. కుతుబ్‌షాహీ వంశస్థాపకుడు సుల్తాన్ కులీని 1543లో గోల్కొండలో, నమాజు సమయంలో, కోట అధికారి మీర్ మహమూద్ హమదానీ పొడిచి చంపాడు. చేయించింది కొడుకు జంషీద్. ఇది హత్య అన్నదాంట్లో ఎవరికీ సందేహం లేదు. కానీ అప్పటికి సుల్తాన్ వయసెంత? తొంభై దాటిన వృద్ధుడని కొన్ని చరిత్రలు చెబుతాయి. కొందరు ఆధునిక చరిత్రకారుల లెక్కలో ఆయనకు డెబ్బై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఇరవై ఏళ్ల తేడా చిన్నదేమీ కాదు. చావు కోసం ఎదురుచూసి విసిగిన కొడుకు కథకు తొంభై ఏళ్ల తండ్రి బాగా అతుకుతాడు. కథకు అతికే వివరాన్నే మొదట అనుమానించాలి.

ఇంగ్లండు చరిత్రలో ఇలాంటి చిక్కు ఒకటి ఈ మధ్యే విడిపోయింది. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో మరణించిన మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగ్ స్థలం కింద బయటపడింది. అక్కడి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తల్లివైపు వంశానికి చెందిన సజీవ వారసుల డీఎన్‌ఏతో పోల్చి అది ఆయనదేనని తేల్చారు. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం మరణ సమయంలో తగిలిన దెబ్బల గుర్తులు ఎముకల మీద 11 ఉన్నాయి. వాటిలో 9 పుర్రె మీదే. పుర్రె అడుగుభాగాన ఉన్న రెండు పెద్ద గాయాల్లో ఏదో ఒకటి ప్రాణాంతకమై ఉంటుంది. చేతుల మీద మాత్రం దెబ్బ కాచుకున్న గాయాలు లేవు. అంటే ఒంటి మీద కవచం ఉంది, శిరస్త్రాణం ఊడిపోయింది. శత్రువుల నోట గూనివాడిగా ప్రచారమైన రాజు వెన్ను నిజంగానే వంకరగా ఉందని, కానీ ప్రచారం చేసినంతగా లేదని కూడా ఆ ఎముకలే చెప్పాయి. ఐదు వందల ఏళ్ల వాదులాట మీద ఒక్క శరీరం ఇచ్చిన వాంగ్మూలమది.

ఇలాంటి పని చేయగల ప్రయోగశాల మన నగరంలోనే ఉంది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు జార్జియా రాణి కెతెవాన్‌కు చెందినవిగా భావించిన ఎముకను పరీక్షించారు. 1624లో ఇరాన్‌లోని షిరాజ్‌లో షా అబ్బాస్ ఆమెను చిత్రహింసలు పెట్టి చంపించాడు. క్రైస్తవ సన్యాసులు ఆమె అవశేషాలను గోవాకు తెచ్చారు. పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాల్లో దొరికిన చేతి ఎముకలోని తల్లివైపు డీఎన్‌ఏ రకం భారతీయుల నమూనాల్లో కనిపించలేదు, జార్జియాలో కనిపించింది. 2021లో భారత ప్రభుత్వం ఆ అవశేషాన్ని జార్జియాకు అందజేసింది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ అస్థిపంజరాల మీదా సీసీఎంబీ పనిచేసింది. అందరూ ఒకే వడగళ్ల వానలో చనిపోయారన్న కథ చాలాకాలం చెలామణి అయింది. 2019లో వెలువడిన ఫలితాలు అక్కడి మనుషులు వేర్వేరు జాతులవారని, వాళ్ల మరణాల మధ్య వెయ్యేళ్ల దాకా ఎడం ఉందని చూపించాయి. ఒక్క మరణకథ తలకిందులైంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనిషి డీఎన్‌ఏ ఆ మనిషి ఎవరో చెబుతుంది, ఎలా చనిపోయారో చెప్పదు. కెతెవాన్ ఎముక ఆమె ఊరు చెప్పింది. ఆమె బాధ మాత్రం కాగితాల మీదే ఉంది.

కాబట్టి గోల్కొండ సమాధులు తవ్వాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే దాన్ని నేను సమర్థించను. రిచర్డ్ సమాధి పోయింది, వెతికారు. ఇక్కడ సమాధులు పదిలంగా ఉన్నాయి, వాటికి గౌరవం ఉంది. పైగా ఎముక మీద గుర్తు పడని చావులే ఎక్కువ. రాతలో ఉన్న వివరాన్నే వైద్యజ్ఞానంతో మళ్లీ చదివితే ఎంత బయటపడుతుందో చూపడానికి 1687 నాటి గోల్కొండ ముట్టడి చాలు.

ఔరంగజేబు సైన్యం ఆ ఏడాది ఆరంభంలో కోటను చుట్టుముట్టింది. ముట్టడి మొదటి రోజుల్లోనే మొఘల్ సేనాని కిలిచ్ ఖాన్‌కు కోట మీంచి వచ్చిన ఫిరంగి గుండు భుజానికి తగిలి చెయ్యి పోయింది. ఈయన తరువాతి కాలంలో హైదరాబాద్ రాజ్యాన్ని స్థాపించిన మొదటి నిజాంకు తాత. దెబ్బ తిన్నాక ఆయన గుర్రం దిగకుండా తన గుడారానికి చేరుకున్నాడని, శస్త్రవైద్యులు భుజంలోంచి ఎముక ముక్కలు ఏరుతుంటే రెండో చేత్తో కాఫీ తాగుతూ వచ్చినవారితో నిబ్బరంగా మాట్లాడాడని మొఘల్ చరిత్రలు రాశాయి. మూడు రోజులకు చనిపోయాడు. ఆయన సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఉంది. తెగిపడిన చేతిని వేలి ఉంగరాన్ని బట్టి గుర్తుపట్టి వేరేచోట పూడ్చారని స్థానికంగా చెప్పుకుంటారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి అరగంట ప్రయాణంలో ఉన్న ఈ సమాధికి వెళ్లేవాళ్లు తక్కువ. అక్కడ మాత్రం ఒక వైద్య పాఠం పడుకుని ఉంది.

మొదట కాఫీ సంగతి చూద్దాం. ఇది భట్రాజు పొగడ్త అని కొట్టేయాలనిపిస్తుంది. అలా కొట్టేయనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ యుద్ధరంగంలో పనిచేసిన హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు తీవ్రంగా గాయపడిన సైనికులను పరిశీలించాడు. వాళ్లలో ఎక్కువమంది తమకు చెప్పుకోదగ్గ నొప్పి లేదన్నారు, మత్తుమందు అడగలేదు. పెద్ద దెబ్బ తగిలిన తొలి గంటల్లో మెదడూ వెన్నుపామూ నొప్పి సంకేతాలను అణచివేయగలవని ఇప్పుడు మనకు తెలుసు. పైగా గుండు దెబ్బకు ఆ భాగంలోని నరాలే తెగిపోయి ఉంటాయి. కిలిచ్ ఖాన్ ధైర్యవంతుడు కాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. చరిత్రకారుడు చెప్పింది శరీరశాస్త్రానికి విరుద్ధం కాదని మాత్రమే చెబుతున్నాను.

ఇక మూడు రోజుల సంగతి. భుజం దగ్గర పెద్ద రక్తనాళం తెగి నెత్తురు ఆగకపోతే మనిషి నిమిషాల్లో పోతాడు. గుర్రం మీద గుడారానికి రాలేడు, కాఫీ తాగలేడు. అంటే నెత్తురు ఆగింది. ఫిరంగి గుండు నలగ్గొట్టి చెయ్యి తుంచినప్పుడు రక్తనాళాలు మెలిపడి, ముడుచుకుని, మూసుకుపోవడం యుద్ధ వైద్యులు తరచు చూసిన విషయమే. ప్రాణం తీసింది ఆ తర్వాత వచ్చినది. నలిగిన కండకు రక్తం అందదు. రక్తం అందని కండలో ప్రాణవాయువు ఉండదు. గుర్రపు పేడ, మట్టి, బట్ట పీలికలు గుండుతోపాటు లోపలికి పోతాయి. మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవుల బీజాలకు ప్రాణవాయువు లేని చోటే కావాలి. అవి ఒకటి రెండు రోజుల్లో విజృంభించి, కండరాలను కరిగించే విషాన్ని వదులుతాయి. కండలో గాలి బుడగలు పుట్టి, వేలితో నొక్కితే కరకరలాడుతుంది. దీన్నే గ్యాస్ గ్యాంగ్రీన్ అంటాం. దీనికి తోడు నలిగిన కండలోంచి రక్తంలో కలిసే పదార్థాలు మూత్రపిండాలను మూసేస్తాయి. మూడు రోజులన్న గడువు ఈ రెండింటికీ చక్కగా సరిపోతుంది. ధనుర్వాతానికి సాధారణంగా ఇంకా ఎక్కువ రోజులు కావాలి, దవడ బిగిసిన లక్షణాన్ని చరిత్రకారుడు వదిలేవాడు కాదు. కిలిచ్ ఖాన్ గాయం కుళ్లి, ఆ విషంతో మరణించాడన్నదే నాకు బలమైన నిర్ణయంగా కనిపిస్తోంది.

ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్ చావు దీనికి దగ్గరి బంధువు. ‘సింహహృదయుడు’గా పేరుపడ్డ ఆ రాజు 1199 మార్చి 26న ఫ్రాన్సులో షాలూ అనే చిన్న కోటను ముట్టడిస్తూ ఎడమ భుజాన యాంత్రిక విల్లు బాణం దెబ్బ తిన్నాడు. బాణం లాగడంలో వైద్యుడు ఆ చోటంతా చీరేశాడు. ఏప్రిల్ 6న ప్రాణం పోయింది. పదకొండు రోజులు. సన్నని బాణం చిన్న కండనే చంపుతుంది, కుళ్లు నెమ్మదిగా పాకుతుంది. ఫిరంగి గుండు భుజమంతా చంపుతుంది. రెండు ముట్టడులు, రెండు భుజాలు, ఒకే శత్రువు; గడువులో తేడా ఆయుధం వల్ల వచ్చింది. విచిత్రంగా రిచర్డ్ శరీరాన్నీ విడివిడిగా ఖననం చేశారు: పేగులు షాలూలో, గుండె రూయాఁ నగరంలో, మిగతా దేహం ఫాంటెవ్రో మఠంలో. 2013లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఆ గుండె తాలూకు పొడిని పరీక్షించి పుదీనా జాతి మొక్కల పుప్పొడి, సాంబ్రాణి, పాదరసం, సున్నం ఆనవాళ్లు చూశారు. గుండెను భద్రపరిచిన సుగంధద్రవ్యాలేమిటో తెలిసింది. చంపిన సూక్ష్మజీవి ఏదో ఆ పొడి చెప్పలేదు. చావు తీరుకు మనకున్న ఆధారం ఆ పదకొండు రోజుల గడువే.

ఈ వాదనకు గట్టి పరీక్ష అదే గోల్కొండలో, అదే సంవత్సరంలో దొరుకుతుంది. సెప్టెంబరులో ద్రోహం వల్ల కోట తలుపు తెరుచుకున్న రాత్రి, గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ జీను లేని గుర్రమెక్కి, పదిమందో పన్నెండుమందో వెంటరాగా శత్రువుల మధ్యకు దూకాడు. మర్నాడు నగీనాబాగ్ దగ్గర స్పృహ లేకుండా దొరికాడు. ఒంటి మీద డెబ్బై దాకా గాయాలు లెక్కించారని, గాయం మీద పడ్డ గాయాలు లెక్కకు అందలేదని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఔరంగజేబు అతని వైద్యానికి ఇద్దరు శస్త్రవైద్యులను పంపాడు. ఒకరు యూరోపియన్, ఒకరు హిందువు. పదహారు రోజులకు రోగి ఒక కన్ను తెరిచి నాలుగు మాటలు మాట్లాడాడు. బతికాడు.

ఒక్క గాయంతో కిలిచ్ ఖాన్ పోయాడు, డెబ్బై గాయాలతో అబ్దుర్ రజాక్ మిగిలాడు. స్వామిభక్తి మహిమ అని జనం చెప్పుకున్నారు. అసలు కారణం గాయాల స్వభావంలోనే ఉంది. పదునైన కత్తి కోసిన గాయానికి అంచులు నున్నగా ఉంటాయి, పక్కనున్న కండకు రక్తం అందుతూనే ఉంటుంది. కారే నెత్తురు మలినాన్ని బయటికి కడిగేస్తుంది. చచ్చిన కండ తక్కువ గనుక ప్రాణవాయువు గిట్టని సూక్ష్మజీవికి అక్కడ తావు దొరకదు. గుండెనూ ఊపిరితిత్తులనూ పొట్టనూ చేరని కోతలు ఎన్ని ఉన్నా, కుట్టి, కట్టుకట్టి, నీళ్లు తాగించగలిగితే బతికే అవకాశం ఉంటుంది. గాయాల సంఖ్య కంటే చచ్చిన కండ పరిమాణమే ప్రాణం మీద తీర్పు చెబుతుంది. ఈ సంగతిని యూరప్ సైన్యాలు మొదటి ప్రపంచ యుద్ధపు బురదలో లక్షల ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నాయి. గోల్కొండ గోడల దగ్గర అది ముందే జరిగి, రాతలోకీ ఎక్కింది. చదివినవాళ్లే లేరు.

యుద్ధంలో పోయినవాళ్ల తీరు ఇది. పడక మీద పోయిన రాజుల సంగతి చెప్పడం ఇంకా కష్టం. గోల్కొండ పతనానికి రెండేళ్ల ముందు, 1685 ఫిబ్రవరిలో, లండన్‌లో రెండో చార్లెస్ రాజుకు ఉదయం పూట హఠాత్తుగా మూర్ఛ వచ్చింది. వైద్యులు మొదట పదహారు ఔన్సుల నెత్తురు తీశారు, తర్వాత మరో ఎనిమిది. తల గొరిగించి బొబ్బలు లేపే మందు పట్టించారు. వాంతులు చేయించారు, విరేచనాలు చేయించారు, మనిషి పుర్రె నుంచి తీసిన మందు కూడా తాగించారు. ఐదో రోజున, 54 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. మూత్రపిండాలు చెడి ఉండవచ్చునని, సొంత ప్రయోగశాలలో పాదరసంతో చేసిన పనులు కారణం కావచ్చునని ఇప్పుడు కొందరు వైద్యులు అంటున్నారు. ఈ చర్చ సాధ్యమైందంటే కారణం ఒక్కటే: రాజవైద్యుడు చార్లెస్ స్కార్‌బరో చేసిన ప్రతి పనినీ రాసిపెట్టాడు. చికిత్స క్రూరంగానే ఉంది. రాత మాత్రం నిజాయితీగా ఉంది.

నెత్తురు తీసే వైద్యం గోల్కొండ దర్బారుకూ తెలుసు. అబ్దుల్లా కుతుబ్‌షాకు తలనొప్పి విడవకపోతే నాలుక కింద నాలుగుచోట్ల నెత్తురు తీయాలని హకీములు నిర్ణయించారని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆ పనికి ముందుకొచ్చినవాళ్లు లేకపోతే, కొలువులో ఉన్న డచ్చి వైద్యుడు పీటర్ డి లాన్ ఒప్పుకున్నాడు. ఎనిమిది ఔన్సులకు మించి ఒక్క చుక్క పోకూడదని షరతు. తీసిన నెత్తురును తూచి చూశారు, లెక్క సరిపోయింది. ఆ తర్వాత అంతఃపురం ఆడవాళ్లు కూడా అతని చేత నెత్తురు తీయించుకున్నారు. చార్లెస్ వైద్యులు తీసిన ఇరవై నాలుగు ఔన్సులను ఈ ఎనిమిదితో పోల్చండి. గోల్కొండ హకీములు పెట్టిన ఆ హద్దులో జాగ్రత్త ఉంది. అబ్దుల్లా మరి కొన్నేళ్లు బతికి 1672లో మరణించాడు. ఆయన వైద్యులు నిజాముద్దీన్ అహ్మద్ గిలానీ, అబ్దుల్ జబ్బార్ గిలానీల సమాధులు సుల్తాన్ల సమాధుల ఆవరణలోనే ఉన్నాయి. వైద్యులకు ఆ దర్బారు ఇచ్చిన గౌరవం అంతటిది.

తండ్రిని చంపించిన జంషీద్ 1550లో మరణించాడు. దీర్ఘవ్యాధి అని అందరూ ఒప్పుకుంటారు, కాన్సరని చాలామంది రాస్తారు. బీజాపూర్ సేనాని అసద్ ఖాన్‌తో పోరులో ఆయన ముఖం మీద కత్తివేటు పడిందని, తినడానికీ తాగడానికీ ఇబ్బంది పడేవాడని చరిత్రకారుడు ఫెరిష్తా చెబుతాడు. మానని పాత గాయపు మచ్చలో కాన్సరు పుట్టడం వైద్యానికి తెలిసిన విషయమే గనుక ఈ రెంటినీ ముడిపెట్టాలనిపిస్తుంది. కానీ అలాంటి కాన్సరుకు సాధారణంగా దశాబ్దాలు పడుతుంది. జంషీద్ మొత్తం పాలన ఏడేళ్లే. కాలం లెక్క కుదరదు కాబట్టి ఆ ముడి విప్పేయాలి. హైదరాబాద్ నిర్మాత మహమ్మద్ కులీ 1612లో, యాభై నిండకుండానే వెళ్లిపోయాడు. ఆయన కవిత్వంలో మద్యం ఉంది గనుక కాలేయం చెడిందని తేల్చేసేవాళ్లున్నారు. కవితలో కప్పు చూసి కాలేయానికి రోగనిర్ణయం చేయడం శాస్త్రం కాదు. ఆయన అల్లుడు మహమ్మద్ కుతుబ్‌షా 1626లో పోయేనాటికి ముప్ఫై మూడేళ్లవాడు. ఆ కాలపు వైద్యంలో మలేరియా, టైఫాయిడ్, ఇతర జ్వరాలన్నీ విడదీయరాకుండా కలిసిపోయి ఉండేవి, అందుకే ఆయనను ఏది చంపిందో చెప్పలేం. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టిందే 1897 ఆగస్టులో.

విషప్రయోగం గురించి మాత్రం మన చరిత్రలో చాలా ధీమాగా మాట్లాడతారు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. మూసారాంబాగ్‌లో ఆయన స్మారకస్తంభం ఇప్పటికీ ఉంది. విషం పెట్టారన్నారు, తానే తాగాడన్నారు. అప్పట్లో పాషాణం శరీరంలో ఉందో లేదో చూపే నమ్మదగిన పరీక్షే లేదు. జేమ్స్ మార్ష్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త దాన్ని కనిపెట్టింది 1836లో. పాషాణం లక్షణాలైన వాంతులు, విరేచనాలు, కాళ్ల తిమ్మిర్లు కలరాలోనూ వస్తాయి. అందుచేత 1836కు ముందు ఏ దర్బారులో పుట్టిన విషం పుకారైనా రుజువు కాని ఆరోపణగానే మిగలాలి. నిజాం గద్దెనెక్కిన నాసిర్ జంగ్ 1750లో, ముజఫర్ జంగ్ 1751లో సొంత పక్షం నవాబుల తిరుగుబాట్లలో హతులయ్యారు. 1686లో తానీషా మంత్రులు అక్కన్న మాదన్నలను గోల్కొండ వీధిలో నరికారు. ఆ చావుల్లో వైద్యానికి తేల్చవలసింది పెద్దగా లేదు, రాజకీయానికే ఉంది.

చావు ఎలా వస్తుందన్న ప్రశ్నను ప్రయోగంతో తేల్చడానికి ఒకప్పుడు ప్రపంచం హైదరాబాద్ వైపు చూసింది. 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫారమ్ పీల్చిన కొద్ది నిమిషాల్లో మరణించింది. క్లోరోఫారమ్ మొదట ఆపేది గుండెనా, ఊపిరినా అన్న వాదం నలభై ఏళ్లు సాగింది. హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్ వేయించాడు. 1889లో నిజాం మహబూబ్ అలీ పాషా ఇచ్చిన వెయ్యి పౌండ్లతో లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చి రెండో కమిషన్‌లో పాల్గొన్నాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఊపిరే ముందు ఆగుతుంది, గుండె కాదు, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుంటే చాలునన్నది తీర్పు. అంత శ్రమపడ్డా ఆ తీర్పు అసంపూర్ణమని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు, భయంతో అడ్రినలిన్ ఎగసినప్పుడు క్లోరోఫారమ్ గుండె లయను తప్పించి నేరుగా ఆపగలదు. కమిషన్ ప్రయోగాల్లో లోతైన మత్తే ఎక్కువ. బెదిరిపోయిన ఆ పదిహేనేళ్ల పిల్ల పరిస్థితి వాటిలో లేదు. సాక్ష్యం ఎంత పెద్దదైనా అది ఏ పరిస్థితిలో పుట్టిందో చూడకపోతే తప్పుదారే. రాజుల మరణాలను చదివేటప్పుడు మనకు కావలసిన జాగ్రత్త కూడా ఇదే.

ఈ పని ఇప్పుడు చేయడానికి కావలసినవన్నీ ఈ నగరంలోనే ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల పర్షియన్ కాగితాలు వేలకొద్దీ ఉన్నాయి. ఉస్మానియా ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో యునానీ వైద్య గ్రంథాలున్నాయి. గొలుసుకట్టు రాతలో ఉన్న వాటిని చదవగలిగిన పండితులు ఏటేటా తగ్గుతున్నారు. చేతిరాతను చదివే యంత్రాలకు చదువు చెప్పే ఇంజనీర్లు మాత్రం హైటెక్ సిటీలో వీధి వీధినా ఉన్నారు. వాళ్లకు నా విన్నపం ఇది. వారానికి ఒక పూట తార్నాకకు వెళ్లండి. పర్షియన్ చదివే ఒక పండితుడినీ, ఒక ఫోరెన్సిక్ డాక్టరునూ వెంట కూర్చోబెట్టుకోండి. గాయం, జ్వరం, వైద్యం, గడువు అన్న వివరాలు ఏ కాగితంలో కనిపించినా ఏరి, తేదీ వేసి, అందరూ చూడగలిగేలా తెలుగులో పెట్టండి. పని మొదలుపెట్టడానికి ఔరంగజేబు దక్కన్ పాలన నాటి సైనిక పత్రాలు తీయండి. పండితులు ఇంకా మన మధ్య ఉండగానే తీయండి.